అక్కుపల్లి దారిలో కారు కింద టకటక

మా అక్క భర్త ధర్మారావు బావకి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఎప్పుడూ అక్కే ఆటోలో తీసుకెళ్తుంది. ఆమెకి జ్వరం రావడంతో ఈసారి టెక్కలి నుంచి నేను కారేసుకుని బయల్దేరాను. నాలుగున్నరకి లేచి, ఆరయ్యేసరికి వాళ్ల ఊరు అక్కుపల్లి చేరాను. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి.

బావని ఎక్కించుకుని ఊరు దాటి జీడితోటల మధ్యకి వచ్చామో లేదో, కారు కింద టక్‌మని చప్పుడు. సైలెన్సర్ వదులై ఉంటుందిలే అని పోనిచ్చాను. కళ్లు మండుతున్నాయి, దిగి చూసే ఓపిక లేదు. వెనక సీట్లో వాలి ఉన్న బావ లేచి కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు మరపడవ నడిపిన మనిషి.

"ఆపు. గుంతలో పడినప్పుడే వత్తంది సూడు. ఇంజనుది గాదు."

"టైమైపోతోంది బావా, పలాసలో చూపిద్దాం."

"ఆపమంతన్నాను గదా!"

ఆపి ఇంజను కట్టేశాను. ఆయన చెప్పినట్టు ముందు భాగాన్ని చేతులతో కిందికి నొక్కితే, ఎడమ చక్రం లోపల అదే టక్. స్టీరింగ్ తిప్పితే కిర్రుమంది.

"సెక్రం కాడేదో వదిలేసింది. ఇంక నడపకు," అంటూ బావ ఆయాసంతో రోడ్డు పక్కన కూలబడ్డాడు.

కారు అక్కడే వదిలి, మూడువందలకి ఆటో మాట్లాడుకుని వెళ్లాం. అరగంట ఆలస్యం. తిప్పి పంపేస్తారేమోనని భయపడ్డాను కానీ, నర్సు వెంటనే బెడ్ చూపించింది.

బావని పడుకోబెట్టి కాశీబుగ్గ నుంచి ఒక మెకానిక్‌ని కారు దగ్గరికి వెంటబెట్టుకొచ్చాను. ఆయన జాకీ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలే పన్నులా ఊగింది.

"బాల్ జాయింటు, అదే సెక్రాన్ని పట్టి ఉంచే కీలు, పోయిందండి. ఇలగే హైవే ఎక్కుంటే సెక్రం మడతపడిపోయేది. ఎవులు కనిపెట్టారేటి?"

చెప్పాను. ఆయన తల ఊపి పనిలో పడ్డాడు. కొత్తది వేసేసరికి రెండు గంటలు పట్టింది.

పదకొండున్నరకి బావ పీక్కుపోయిన మొహంతో బయటికొచ్చాడు. మెకానిక్ అన్న మాట చెప్పాను. కారెక్కుతూ, "పడవైతే ఇంకా ముందే పట్టేద్దును," అని నవ్వాడు.

ఒక్కరోజుకే నా ఒళ్లు హూనమైంది. వారానికి మూడుసార్లు ఇలా వెళ్లొచ్చే అక్కని, నీకెలా ఉందని నేను ఏనాడూ అడగలేదు. ఇంటికెళ్లాక, మళ్లీసారి కూడా నేనే వస్తానని చెబితే "సరే" అని మంచం మీద అటు తిరిగి పడుకుంది.

ఈ దారిన కార్లో వచ్చేవాళ్లకి ఒక్క మాట. కింద చప్పుడొస్తే అది గుంతలోనా, మలుపులోనా, బ్రేకు వేసినప్పుడా అన్నది గమనించండి. గుంతలో టక్‌మని, స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటే మాత్రం, ఎంత తొందరున్నా బండి అక్కడే ఆపి ఆటో ఎక్కండి.