తెలివితోనే పెట్టిందన్న తల్లి

జాగీర్లు రద్దై, భూములు కౌలుదార్ల పేర్ల మీదికి వెళ్ళిపోయాక ఆలేరు దగ్గరి మా ఊళ్ళో మాకు మిగిలినవి సగం కూలిన గడీ, రెండు జతల ఎడ్లు, వాటికొక గడ్డివాము. ఊరివాళ్ళు నన్నింకా దొరా అనే పిలిచేవారు. ఆ పిలుపులో మర్యాద ఎంత, ఎగతాళి ఎంత అని ప్రతిసారీ తూచుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆ గడ్డివాము తగలబడింది. నిప్పు పెట్టింది మా పాత కౌలుదారు కూతురు, పదహారేళ్ళ పిల్ల. పారిపోలేదు. మంట పక్కనే కూర్చుని దానితో మాట్లాడుతూ దొరికింది. తండ్రి అంతకు ముందే చనిపోయాడు. ఇంట్లో తల్లీ, ఆ పిల్లా ఇద్దరే. అది పిల్ల సొంతంగా చేసిన పని అని నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు. భూమి పోయింది చాలదన్నట్టు, మేత లేకుండా చేసి ఎడ్లను కూడా అమ్మించి, నన్ను ఊరు దాటించాలని ఎవరో వెనకనుంచి ఆడిస్తున్నారనుకున్నాను. ఠాణాకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను.

మర్నాడు ఠాణా అధికారి అమీన్ సాబ్ కబురు పంపాడు. వెళ్ళేసరికి పిల్ల ఠాణా అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. పక్కన తల్లి. కుర్చీలో ఆలేరు దవాఖాన డాక్టరు. ఆయన్ను చూడగానే సంగతంతా అర్థమైందనుకున్నాను. పిచ్చి అని రాయించుకుని కేసు తప్పించుకునే ఎత్తు. అమీన్ చెయ్యి కూడా తడిపే ఉంటారు.

"జర కూసోండ్రి దొరా," అన్నాడు అమీన్. "డాక్టర్ సాబ్ చూసిండు. గీ పిల్లకు తల కరాబైందంటున్నడు. కోర్టుకు పంపితే పట్నం జైలుకు పోతది. గక్కడ ఇంకింత కరాబైతది. గందుకని ఒక మాట అనుకున్నం."

తల చెడినవాళ్ళను ఇంటివాళ్ళు యాదగిరిగుట్టకు తీసుకెళ్ళి మండలం పాటు ఉంచుకోవడం మా వైపు అలవాటు. పొద్దున్నే గుండంలో స్నానం, తడిబట్టలతో గుడి చుట్టూ ప్రదక్షిణలు. తల్లీకూతుళ్ళు అక్కడ ఒక గది కిరాయికి తీసుకుని ఉండాలి. డాక్టరు వారం వారం వచ్చి చూసి బిళ్ళలు ఇస్తాడు. ఫిర్యాది అయిన నేను పూచీ ఉండాలి. అలాగైతే కేసు కోర్టు దాకా పోదు. ఇదీ వాళ్ళు అనుకున్న మాట.

"డాక్టర్ సాబ్ గూడ మొక్కులను నమ్ముతరా?" అన్నాను, వెటకారంగానే.

"నేను బిళ్ళలనే నమ్ముత," అన్నాడు డాక్టరు. "కాని గుట్ట మీద తల కరాబైనోళ్ళను జూసి ఎవ్వరు రాళ్ళేయరు. గది నా బిళ్ళలల్ల లేదు."

"మీకెందుకింత ఫికర్?" అని అమీన్‌ను అడిగాను.

"పిల్లను రైల్ల పట్నం తీస్కపోవాల్సింది నేనే గద దొరా! నిన్న తెచ్చేటప్పుడే మా జవాన్ చెయ్యి కొరికింది," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అప్పుడు తల్లి లేచింది. ఏడుస్తుందని, కాళ్ళ మీద పడుతుందని చూస్తున్నాను.

"నా బిడ్డకు పిచ్చి లేదు," అంది. "తెలివితోనే పెట్టింది. జైలుకే తోలుండ్రి."

అమీన్ తల పట్టుకున్నాడు. "కన్నతల్లివి నువ్వే గట్లంటే నేనేం రాయాలె? తెలివితోటి నిప్పు పెట్టిందనే రాయాలె."

"రాయి సారూ. జైలుకు పోతే ఎప్పటికన్న ఇంటికొస్తది. పిచ్చిదన్న పేరొస్తే పోతదా? దానికి లగ్గం గావద్దా?"

నా అంచనా తలకిందులైంది. ఎత్తు వేసినవాళ్ళు పిచ్చి ఉందనాలి కదా. నేనిలా అనుకోవాలనే ఈమె లేదంటోందా అని కూడా ఆలోచించాను. కానీ ఆ గొంతు నాకు తెలుసు. చుట్టాలు వచ్చినప్పుడు మా నాయనమ్మ ఇదే గొంతుతో "మా బిడ్డకేం లేదు" అనేది. అదే సమయంలో మేడ మీద గదిలో మా చిన్న మేనత్త తలుపు బాదుతూ ఉండేది. ఆ చప్పుడు వినిపించకుండా పెద్దగా మాట్లాడడం ఇంటిల్లిపాదికీ అలవాటైంది.

భూములు పోయినా ఆ సంగతి మాత్రం గడీ దాటకుండా కాపాడుకున్నాం. ఠాణాలో జవాన్లున్నారు, గుమ్మం దగ్గర ఊరివాళ్ళున్నారు. నా నోటినుంచి ఈ మాట రప్పించడానికే అందరూ చేరారేమో అనిపించింది. అయినా అన్నాను.

"మా చిన్న మేనత్తది పిచ్చే. అర్రల పెట్టి తాళమేసినం. కాశీకి పోయిందని చుట్టాలకు చెప్పినం. గా అర్రలనే సచ్చిపోయింది. అంత దాచినం గద, లగ్గమయిందా ఆమెకు?"

గుమ్మం దగ్గర ఎవరో "గడీల గూడనా?" అన్నారు. నేను తల దించలేదు. తల్లి నా వైపు చూసింది. ఆ చూపులోనూ అనుమానమే. ఏ లాభం చూసుకుని చెబుతున్నానో వెతుకుతోంది.

చివరికి డాక్టరు వైపు తిరిగింది.

"నిద్ర పోదు సారూ," అంది మెల్లగా. "వాళ్ళ నాయిన పోయిన కాడి నుంచి, మంటల నాయిన కనవడుతున్నడంటది. పొయ్యి ఆర్పనియ్యది."

డాక్టరు రాసుకున్నాడు. నేను పూచీకి సంతకం పెట్టాను.

సంతకం పెట్టినంత మాత్రాన వాళ్ళను నమ్మలేదు. కొన్నాళ్ళకు, ఎవరికీ చెప్పకుండా గుట్టకు వెళ్ళాను. గదికి తాళం ఉంటుందని, పిల్లను ఏ చుట్టాల ఊరికో దాటించేసి ఉంటారని నా ఊహ. కిరాయి గదుల వరుస చివర గోడచాటున నిలబడి చూశాను. గది తెరిచే ఉంది. పిల్ల గడప మీద కూర్చుని, పక్క గదికి వచ్చిన ఒక ముసలామెకు తల దువ్వుతోంది. ముసలామె గాలిలోకి చూస్తూ ఎవరినో బూతులు తిడుతోంది. వచ్చేపోయేవాళ్ళు వాళ్ళను దాటుకుని పోతున్నారు తప్ప ఆగి వింతగా చూసేవాళ్ళు లేరు.

పిల్ల నన్ను పసిగట్టింది.

"దొరా, నన్ను జూడనీకి వచ్చినవా, పట్టుకోనీకి వచ్చినవా?"

"రెండిటికి," అన్నాను.

"మరి గోడసాటుకెందుకు? ఇటొచ్చి కూసో, మంచిగ కనవడ్త."

గడీ మనిషిని గడప మీద కూర్చోమన్నవాళ్ళు అంతవరకు లేరు. ఆమె ముసలామెను కొంచెం పక్కకు జరిపి నాకు జాగా చేసింది. వెళ్ళి కూర్చున్నాను.