నవ్వులాయన నేర్చిన రష్యన్

ఫోటో స్టూడియో ఆయన అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ, దాన్ని పట్టించుకునేవాళ్లు లేరు. వీధి మొత్తానికీ ఆయన నవ్వులాయనే. స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషితోనూ ఏళ్ల తరబడి "కొంచెం నవ్వండి" అంటూ వచ్చినందుకు దక్కిన బిరుదు అది. స్టూడియో మేనమామది. కెమెరాతోపాటు ఆయన అప్పగించిన నియమం ఒక్కటే: ఈ స్టూలు మీంచి ఎవరూ మొహం ముడుచుకుని లేవకూడదు. పరీక్ష తప్పిన పిల్లలూ, కట్టుడు పళ్లతో కొత్తగా అవస్థపడే పెద్దలూ, ఎడమొహం పెడమొహంగా కూర్చునే మొగుడూ పెళ్లాలూ, అందరూ ఆ గదిలోంచి నవ్వుతూనే బయటికి నడిచారు.

అలాంటివాడు ఒక రష్యన్ ఆవిడ దగ్గర బోల్తా పడ్డాడు.

ఆవిడ ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికొచ్చిన ఇంజినీరు. తన మొహం చూపించి, గాల్లో చదరం గీసి, ఫోటో కావాలని చెప్పింది. కూర్చుంది. మొహంలో ఒక్క గీత కదల్లేదు. నవ్వమన్నాడు. తాను నవ్వి చూపించాడు. లాభం లేకపోయింది. చివరికి మనవాడు ఏం చేశాడంటే, రెండు చూపుడువేళ్లూ నోట్లో పెట్టుకుని పెదాలను చెవులదాకా సాగదీశాడు. ఆస్పత్రిలో పక్క మంచం రోగిని చూసినట్టు చూసిందావిడ. ఫోటో అయితే తీశాడు గానీ, దాన్ని తీసుకెళ్లడానికి ఆవిడ మళ్లీ రాలేదు.

ఫోటో పెట్టిన కవరు బల్ల మీద అలాగే పడి ఉంది. అది కంటబడినప్పుడల్లా తన వేళ్లూ, తన చిగుళ్లూ గుర్తొచ్చి ఆయనకు చెవులు వేడెక్కేవి.

"కోతిలా వెక్కిరించి పంపితే మళ్లీ ఎందుకొస్తుందండీ?" అంది భార్య, లోపలి గదిలో ఫోటోల అంచులు కత్తిరిస్తూ.

ఆ మాట ఆయనకు గట్టిగానే తగిలింది. ఎలాగైనా ఆవిడకు క్షమాపణ చెప్పుకోవాలి, అదీ ఆవిడ భాషలోనే. అలా మొదలైంది రష్యన్.

ఫోన్లో పాఠాలు దొరికాయి. టీచరమ్మ ఒక మాట అంటుంది, కాసేపు ఆగుతుంది, ఆ ఖాళీలో మనం జవాబు చెప్పాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చెవి నొప్పి పుడుతుందని ఆయన గదంతా వినబడేలా పెట్టేవాడు. కెమెరా ముందు బిగుసుకు కూర్చున్నవాళ్లకు వెనకనుంచి "స్టేషన్ ఎక్కడ?" అని రష్యన్‌లో వినిపించేది. పక్క దుకాణం టైలరు వచ్చి, మీ టీచరమ్మ ఇవాళ గొంతు పెంచిందేమిటి, హోంవర్కు చెయ్యలేదా అని ఆరా తీసేవాడు.

ప్రతి పాఠం చివరా రష్యన్ల పద్ధతులు నాలుగు మాటల్లో చెప్పేది టీచరమ్మ. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి చేతులు కలపకూడదట. పువ్వులిస్తే సరిసంఖ్యలో ఇవ్వకూడదట. ఇవన్నీ బుద్ధిగా విన్నాడు. ఒకరోజు మాత్రం ఫోన్ ఆపేసి, స్టూలు మీద తనే కూలబడ్డాడు. అక్కడివాళ్లు కొత్తవాళ్లను చూసి ఊరికే నవ్వరట. కారణం లేకుండా పళ్లు బయటపెట్టేవాణ్ణి తిక్కమనిషి అనుకుంటారట.

తన బతుకంతా అదే పని కదా!

కవరు తెరిచి ఫోటో మళ్లీ చూశాడు. ఇన్నాళ్లూ కోపం అనుకున్నదాంట్లో కోపమేమీ లేదు. ఎదుటివాడు చెప్పేది జాగ్రత్తగా వినే మొహం అది.

అప్పట్నుంచి అద్దం ముందు నవ్వకుండా ఉండటం సాధన చేశాడు. అది రష్యన్ కన్నా కష్టమైంది. నవ్వీ నవ్వీ బుగ్గలు అలా అచ్చుపడిపోయాయి. బలవంతాన బిగబట్టి కూర్చుంటే, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని వచ్చినవాళ్లు గొంతు తగ్గించి అడిగేవారు.

ఒక మధ్యాహ్నం ఆ రష్యన్ ఆవిడ వచ్చింది. గడప దగ్గర నిలబడి, ఉన్న పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

నవ్వులాయన దిగ్గున లేచాడు. మొహం రాయి చేసుకున్నాడు. గడప సంగతి గుర్తొచ్చి, లోపలికి రమ్మని చేత్తో సైగ చేశాడు. ఆ తర్వాత నోరు పెగల్లేదు. ఇన్ని నెలలూ టీచరమ్మ ముందుగా ఒక మాట అంటేనే తన నాలుక కదిలింది. ఇప్పుడు ఎవరూ ఏమీ అనటంలేదు. ఆవిడ నవ్వుతూనే ఉంది, నవ్వీ నవ్వీ ఆవిడ బుగ్గలు వణకడం మొదలుపెట్టాయి. ఈసారి వెళ్తే ఇక రాదు.

లోపలి గదిలో కత్తెర చప్పుడు ఆగింది.

"శ్తో వీ ఖతీతె?" మీకేం కావాలి అని రష్యన్‌లో అడిగింది భార్య. అచ్చు టీచరమ్మ రాగమే.

"ఇజ్వినీతె, పజాలుస్త," అనేశాడాయన. దయచేసి క్షమించండి. ఒకసారి గేటు తెరుచుకున్నాక ఆగలేదు, స్టేషన్ ఎక్కడ అని కూడా అడిగేశాడు. పాఠంలో ఉన్నట్టే నేరుగా వెళ్లి ఎడమవైపు తిరగమంది భార్య. మీ మేలు మరిచిపోనన్నాడు. రేపు భోజనానికి రండి అందామె.

ఆవిడ ఆయన్నీ, లోపలి గది వైపూ మార్చి మార్చి చూసింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత గొల్లున నవ్వేసింది. అది గడప దగ్గరి నవ్వు కాదు. నవ్వులాయన రాతిమొహం కూడా అక్కడితో సరి.

తేరుకున్నాక తెలుగులో ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ చెప్పింది. "నేను కూడా పాఠాలు విన్నా. ఇక్కడ నవ్వకపోతే కోపం అనుకుంటారని చెప్పారు. నా వల్ల మీరు... పాపం, నోట్లో వేళ్లు. సిగ్గేసింది. నవ్వటం బాగా వచ్చాక వద్దాం అనుకున్నా."

ఆయన స్టూలు తుడిచి వేశాడు. ఆవిడ కూర్చుంది. నవ్వమని చెప్పాల్సిన పని పడలేదు. వెంటనే ప్రింటు తీసి, పాత కవరుతోపాటు చేతిలో పెట్టాడు.

ఆవిడ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుని, నవ్వులేనిదాన్ని సంచిలో దాచుకుంది. "ఇది అమ్మకి. నవ్వేది పంపితే అమ్మకి భయం, పిల్లకి ఏదో అయిందని." రెండోది ఆయన బల్ల మీదే ఉంచింది. "ఇది మీకు."

ఆవిడ వెళ్లిన కాసేపటికి పోస్ట్‌మ్యాన్ వచ్చాడు, ఎప్పట్నుంచో వాయిదా వేస్తున్న ఫోటో తీయించుకుందామని. నవ్వులాయన కెమెరా సరిచేసి, "కొంచెం..." అని ఆగాడు. "మీకెలా హాయిగా ఉంటే అలా కూర్చోండి," అన్నాడు.

పోస్ట్‌మ్యాన్ బిత్తరపోయాడు. తన వల్ల ఏదైనా తప్పు జరిగిందేమోనని లేవబోయాడు కూడా.

"నవ్వమనండి, పాపం," అంది లోపలి గదిలోంచి భార్య. "అందుకే వచ్చాడాయన."