ఎరుపు మునిగే చోటు

తొలకరి జల్లు పడగానే తమక ఊళ్ళో మా బట్టల అంగడి ముందున్న కాలువ ఎర్రనీళ్ళతో నిండిపోతుంది. ఎర్రనీళ్ళని ఊరంతా అంటుంది కాబట్టి నేనూ అంటున్నాను. నా కంటికి అది ఉట్టి మసక. వాసన విషయంలో మాత్రం నన్నెవరూ ఏమార్చలేరు. తడిసిన మట్టి వాసన గుమ్మం దాటి లోపలికొచ్చి, కొత్త గుడ్డల గంజి వాసనతో కలిసిందంటే చాలు, బేరం మధ్యలో ఉన్నా నా మనసు మునిరత్నం గారి దగ్గరికి పోతుంది. మీరు ఆయన్ని ఎరగరు. బంగారు గనుల ఊళ్ళో, బజారు నడిబొడ్డున బట్టల అంగడి నడిపిన మనిషి. చెవి మీద సుద్దముక్క, మెడలో కొలత టేపు, మంగళవారం వస్తే చేతిలో గాలం. నాకు యజమాని. ఆయన లేకపోతే నేను ఈ గుమ్మంలో నిలబడి ఉండేవాణ్ణి కాను.

మా నాన్న గని లోపల పనిచేసేవాడు. గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. మనుషుల్ని కిందికి దించే బోను ఉంటుందే, దాన్ని నడిపే యంత్రం దగ్గర నాకు పని ఖాయమనుకున్నాం. కంటి పరీక్షలో ఒక చుక్కల బొమ్మ చూపించి అందులో ఏ అంకె ఉందో చెప్పమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి, అంకె కనిపించలేదు. ఎర్రదీపానికీ పచ్చదీపానికీ తేడా తెలియనివాడి చేతుల్లో మనుషుల ప్రాణాలు ఎవరు పెడతారు? అది న్యాయమే, కాదనను. కానీ అప్పటికే నాకు పెళ్ళయి, చంటిబిడ్డ కూడా ఉంది. ఊరిగాంలో గని కంపెనీ ఇచ్చిన ఇంట్లో నాన్న మొహం చూడలేక ఏ పనైనా చాలనుకున్నాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు, పోయి పోయి బట్టల అంగట్లో చేరాను.

కొన్ని నెలలు ఎలాగో నెట్టుకొచ్చాను. ఏ అరలో ఏ రంగు ఉంటుందో చోటును బట్టి గుర్తుపెట్టుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళ సరుకు దిగిన రోజు యజమాని తమ్ముడు జయరాముడు అరలన్నీ మార్చి సర్దాడు. ఆ పూటే శ్రీనివాసపురం నుంచి మామిడితోపుల వాళ్ళు పెళ్ళికూతురి చీర కోసం వచ్చారు. చీరకు జోడీ రవిక గుడ్డ కోయమంటే, ఎప్పుడూ తీసే అరలోంచే తీసి, చరచరా కోసి ముందు పెట్టాను.

పెళ్ళికూతురి తల్లి గుడ్డనూ నన్నూ మార్చి మార్చి చూసింది. “ఏమప్పా, ఎర్రచీర మీదికి పాచిరంగు రవికా? నా బిడ్డ పెండ్లికి పోతా ఉండాదా, నాట్లకు పోతా ఉండాదా?”

అంగడంతా నవ్వింది. జయరాముడు నవ్వలేదు. “వీనికి రంగులే తెలీవన్నా! నాకు ముందే అనుమానముండె. రంగు తెలీనోడు బట్టలంగడిలో ఏం చేస్తాడు? రేపట్నుంచి రావద్దని చెప్పు” అన్నాడు.

మునిరత్నం గారు ఏమీ విననట్టే ఆ చీర చేతిలోకి తీసుకున్నారు. “తప్పు మా అంగడిది తల్లీ. ఇంగ చెప్పు, పెండ్లి యాడ జరగతాది?”

“మా తోపులోనే సామీ. మామిడాకుల చప్పరం ఏపిస్తా ఉండాము.”

ఆయన చీరను గుమ్మంలోకి తీసుకుపోయి ఎండలో పరిచి చూపించారు. తర్వాత బజారు చెట్టు కిందికి నడిచి, ఆకుల నీడలో పట్టుకున్నారు. “చూడు తల్లీ, ఆకు నీడకు ఈ ఎరుపు చచ్చిపోతా ఉండాది. దూరం నుంచి చూసేవాళ్ళకి నల్లగా కనపడతాది. దీనికన్నా లేతది తీసుకో.” చీర కొనేవాళ్ళని పెళ్ళి ఎక్కడని అడిగే అంగడివాణ్ణి నేను ఆయన్నొక్కరినే చూశాను. బజారులో ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు, చీర అమ్ముతున్నాడా, శుభలేఖ రాస్తున్నాడా అని. ఆమె మాత్రం చెట్టు కిందే లేత ఎరుపు ఎంచుకుని, సంతోషంగా వెళ్ళింది.

తమ్ముడికి ఆయన చెప్పిన జవాబు ఒక్కటే. “బుధవారం చెప్తాను. మంగళవారం వీణ్ణి నాతో చెరువుకు రానీ.”

మంగళవారం అంగడికి సెలవు. సైకిలు వెనక నన్ను కూర్చోబెట్టుకుని బేతమంగళం చెరువుకు తీసుకుపోయారు. దారి పొడుగునా నేను, ఉద్యోగం పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటున్నాను. చెరువు కట్ట మీద ఆయన ఒక రేకుపెట్టె తెరిచారు. గనులు వదిలి వెళ్ళిపోతూ ఒక ఇంజనీరు దొర ఇచ్చిన పెట్టె అది. లోపలన్నీ కొయ్యతో చెక్కిన బొమ్మ చేపలు, పొట్టకు కొక్కేలు. రంగు పోయినప్పుడల్లా ఆయనే కొత్త రంగు పూసేవారు. వానపామును గుచ్చడం ఆయనకు నచ్చదు. బొమ్మ చేపను దూరంగా విసిరి, బతికినదానిలా ఈదించి లాగితే, కొరమీను దాన్ని నిజం చేపనుకుని పట్టుకోవాలి. అదీ ఆయన సరదా.

ఎర్రబొమ్మ ఒకటి దారానికి కట్టి, తూము పక్కన తేటనీళ్ళలోకి మెల్లగా దించారు. “చూస్తా ఉండు. పైన నిప్పులాగా ఉండాది. ఇప్పుడు ఇటికరంగు. ఇంకా దించితే… అదో, నల్లగా అయిపాయె. నీళ్ళు ముందు ఎరుపునే మింగతాయప్పా. నీలం లోతుదాకా నిలబడతాది. వాననీళ్ళు కలిసి బురదైతే కథ మారిపోతాది, అప్పుడు ముందు పొయ్యేది నీలం.”

“నాకు మొదట్నుంచీ నల్లగానే ఉంది సామీ” అన్నాను. ఆ మాట ఒక మనిషితో పైకి అనడం నాకదే మొదలు.

ఆయన జాలి చూపించలేదు. కొత్త సంగతి దొరికిన పిల్లవాడిలా మొహం వెలిగింది. “అట్లనా! అయితే చేప ఏం చూస్తాదో నాకన్నా నీకే బాగా తెలుసు!” అన్నారు. మళ్ళీ తనే తల అడ్డంగా ఊపి, “ఊహూ, చేప కన్ను ఎవరికీ అరువు దొరకదులే. కిందనుంచి చూస్తే దానికి ఆకాశం తెల్లగా, బొమ్మ నీడగా ఉంటాదని మాత్రం తెలుసు. ఆ నీడ కదిలే తీరు చూసి వస్తాది” అన్నారు.

మాట్లాడుతూనే ఆయన నాచు వైపు చూస్తున్నారు. నేనూ చూశాను. “సామీ, పెద్ద చేప. ఆ నాచు కిందనే ఉంది.”

“యాడ?”

“అక్కడే, ఒంటి మీద చారలు కూడా తెలుస్తున్నాయి.”

ఆయన కళ్ళు చిట్లించారు, చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, ఒంగి చూశారు. కనిపించలేదు. పచ్చనాచులో పచ్చనాచులా కలిసిపోయిన చేప ఆయనకు. నాకు పచ్చదనం అడ్డు లేదు, చారలే కనిపించాయి. “కుడికి… కొంచెం ముందుకు” అని నేను చెబుతుంటే ఆయన పెట్టెలోంచి నల్లబొమ్మ తీసి గాలానికి కట్టి విసిరారు. నీళ్ళు బుడుంగుమన్నాయి. గాలం కర్ర వంగిపోయింది. మోచేతి పొడుగు కొరమీను కట్ట మీద ఎగిరిపడుతుంటే, ఆ పెద్దమనిషి పంచె తడిసినా చూసుకోకుండా నా భుజాలు పట్టుకుని ఊపేశారు. “నీ కండ్లు చెడిపోలేదప్పా! నేను చూడలేనిది చూస్తా ఉండాయి!” నేను ఏడ్చాను. చేపను చూసి ఏడ్చేవాణ్ణి మొదటిసారి చూస్తున్నానని ఆయన నవ్వారు.

బుధవారం అంగడి తెరవగానే తమ్ముణ్ణి పిలిచారు. “జయరామా, నేత ఎట్లుండాదో, పోగు యాడ తప్పిందో ఇంగ వీడు చూస్తాడు. రంగు నువ్వు చూడు.” జయరాముడు, “సరేలే, గుడ్డి కన్నా మెల్ల నయం” అని గొణిగాడు. ఆయన అంతటితో ఆగలేదు. వచ్చిన ప్రతివాళ్ళతో, “ఈయప్పను రంగు అడగొద్దండి, గుడ్డ అడగండి” అని బాహాటంగా చెప్పేవారు. నేను దాచుకుని కుమిలిపోయినదాన్ని ఆయన బోర్డు కట్టినట్టు చెప్పేస్తుంటే, వారం తిరిగేసరికి నా సిగ్గు ఎటుపోయిందో తెలియలేదు. చీరల్లో నేత లోపాలు నిజంగానే నా కంటికి ముందు దొరికేవి. ఏడాది పోయాక జయరాముడే కొత్త సరుకు దిగితే ముందు నన్ను పిలిచేవాడు.

గనులు మూతపడ్డాక ఆ బజారు కళ తప్పింది. నేను తమకకు వచ్చి సొంతంగా ఈ అంగడి పెట్టుకున్నాను. ప్రారంభానికి ఆయన్నే పిలిచాను. అప్పటికి ఆయన కళ్ళలో శుక్లాలు. ఒక చీర చేతిలోకి తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని, “ఇది నీలమా, నలుపా?” అని అడిగారు.

“పోయి పోయి నన్నా సామీ అడిగేది?”

ఇద్దరం పగలబడి నవ్వాం. “ఇంగ నేనూ నీ నీళ్ళలోకి దిగినాను చూడు” అని, జేబులోంచి ఆనాడు తూము పక్కన దించిన బొమ్మ చేప తీసి నా అరచేతిలో పెట్టారు. ఆ తర్వాత ఆయన ఎక్కువకాలం లేరు. ఆయన్ని తలచుకోని వానాకాలం నాకు లేదు.

మొన్న జల్లు పడుతుండగా తల్లీకూతుళ్ళిద్దరు పెళ్ళిచీరకు వచ్చారు. “రంగు మీరే చూసుకోండి తల్లీ, నాకు తెలీదు” అన్నాను, ఎప్పటిలాగే. ఆ తల్లి బుగ్గ మీద వేలు పెట్టుకుంది. “రంగు తెలీనోడివి బట్టలంగడి ఎట్ల నడపతావప్పా?”

ఒకప్పుడు నన్ను వీధిలోకి నెట్టబోయిన మాట అదే. నేను బల్ల మీది బొమ్మ చేపను తీసి ఆమె చేతిలో పెట్టాను.

“ఇది ఏ రంగు తల్లీ?”

“ఎరుపు.”

“నీళ్ళలో?”

ఆమె చేప వైపు చూసింది, నా వైపు చూసింది. నేను వాళ్ళు చూస్తున్న చీర భుజాన వేసుకుని గుమ్మం వైపు నడుస్తూ అడిగాను, “పెండ్లి యాడ జరగతాది?”