నాలుగు వారాల్లో జవాబు

మా బాల్డూయిన్ మామయ్యకు ఊపిరి పీల్చడమూ, అర్జీ రాయడమూ ఒకటే. ఒకటి ఆగితే రెండోదీ ఆగిపోతుందని మేమంతా గట్టిగా నమ్మేవాళ్ళం.

తప్పు ఆయన ఒక్కడిదే కాదు. ఇప్పుడు పటంలో వెతికినా దొరకని మా తూర్పు జర్మనీలో ఒక చట్టం ఉండేది. ఏ పౌరుడు ఏ అర్జీ పెట్టుకున్నా సర్కారు నాలుగు వారాల్లో జవాబివ్వాలి. పని చేయాలని చట్టంలో లేదు, జవాబిస్తే చాలు. దుకాణాల్లో అరటిపండ్లు ఉంచలేని ప్రభుత్వం జవాబులు మాత్రం ధారాళంగా ఇచ్చేది.

మామయ్య సాక్సుల ఫ్యాక్టరీలో యంత్రాలకు నూనె వేసేవాడు. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని టైపు మిషను ముందు కూర్చునేవాడు. పళ్ళు తోముకుంటే బ్రష్షు కుచ్చు నోట్లోనే ఊడిపోతోందని ఒక అర్జీ. ఊడిన పదకొండు పోగులూ కవర్లో పెట్టి, కింద "సాక్ష్యం జతచేశాను" అని రాశాడు. కాఫీ గింజలు కరువైన ఏడాది దుకాణాల్లోకి వచ్చిన పొడి ఒక చెంచాడు జతచేసి, "దీన్ని తాగాలా, ఉప్పు వేసి సూపు కాచుకోవాలా తెలియజేయగలరు" అని అడిగాడు. ప్రతి అర్జీ చివరా ఒకే వాక్యం: "సోషలిస్టు అభివందనాలతో, నాలుగు వారాల్లో జవాబు ఆశిస్తూ." లైబ్రరీలో పనిచేసే రోస్విటా గారిని పెళ్ళికి అడిగిన ఉత్తరం కూడా ఆ వాక్యంతోనే ముగించాడట. ఆవిడ మూడో వారంలోనే కుదరదని రాసింది. "చట్టాన్ని గౌరవించే మనిషి" అని మామయ్య ఇప్పటికీ మెచ్చుకుంటాడు.

ఈ అర్జీలన్నీ చేరేది మా ఊరి సర్కారు ఆఫీసులో కామ్రేడ్ వెండ్రిష్ బల్ల మీదికి. ఇంటి కప్పు కారుతోందని ఆరో అర్జీ అందాక ఆయన స్వయంగా వచ్చాడు. మామయ్య రేడియో తడవకుండా దానికి గొడుగు పట్టి కూర్చున్నాడు. రేడియోలో ఆ ఏడు ప్రభుత్వం కట్టించిన ఇళ్ళ గొప్పలు చెబుతున్నారు.

"మీ కప్పు ప్రణాళికలో ఉందండీ" అన్నాడు వెండ్రిష్.

"ప్రణాళికలో కప్పుంది. కప్పులో చిల్లుంది. చిల్లు కింద నేనున్నాను. వరస సరిగ్గానే ఉందా?"

"కాస్త ఓపిక పట్టాలి."

"పట్టాను. దాన్నీ జతచేయమంటారా?"

మా దగ్గర ఓటంటే అచ్చువేసిన చీటీని మడిచి పెట్టెలో వేయడమే. ఎంచుకునే శ్రమ సర్కారు మాకు పెట్టేది కాదు. ఒకసారి ఓటు వేసి వచ్చి మామయ్య రాశాడు: "ఓటు చీటీ చాలా మెత్తగా ఉంది. మరుగుదొడ్డి కాగితం చాలా గరుగ్గా ఉంది. రెండూ తారుమారైనట్టున్నాయి." వెండ్రిష్‌కు సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులు పట్టింది. "మీ సూచనను సంబంధిత శాఖకు పంపాము" అని జవాబు వచ్చింది.

నాకు పదహారేళ్ళు నిండాయి. పై బడిలో రెండేళ్ళు చదివితేనే విశ్వవిద్యాలయం గడప తొక్కేది. క్లాసులో మొదటి మార్కులు నావే. కానీ మా నాన్న హాంబర్గ్‌లో ఉన్న మేనత్త పుట్టినరోజుకని పడమటి జర్మనీకి వెళ్ళి, కేకు తిని, అక్కడే ఉండిపోయాడు. దాంతో, పారిపోయినవాడి కూతురికి సీటు లేదని ఉత్తరం వచ్చింది. సాక్సుల ఫ్యాక్టరీ ఎలాస్టిక్ విభాగంలో నాకు ఉజ్జ్వల భవిష్యత్తు ఉందని కూడా అందులో ఉంది.

అమ్మ మామయ్య దగ్గరికి పరిగెత్తింది. "అన్నయ్యా, బ్రష్షుకి రాశావు, కాఫీకి రాశావు. పిల్లకి రాయవా?"

"ఇది అర్జీతో అయ్యే పని కాదే."

"మరెందుకు ఆ రాతలన్నీ?"

"సరదాకి" అన్నాడు మామయ్య.

మర్నాడు తనకున్న ఒకే ఒక్క సూటు వేసుకుని ఆఫీసుకు వెళ్ళొచ్చాడు. ఏం జరిగిందో చెప్పలేదు. మూడు వారాలయ్యాక ఉత్తరాలు తెచ్చే ఆవిడ అమ్మను ఆపి, "మీ అన్నయ్యకి ఒంట్లో బాగోలేదా? ఒక్క ఉత్తరమూ వేయడం లేదు" అని అడిగింది.

నాలుగో వారంలో నాకు సీటు వచ్చింది. నా మార్కులు చూసి సర్కారు సిగ్గుపడిందనుకున్నాను. అర్జీలు తగ్గితే ప్రజల ఆనందం పెరిగినట్టే కాబట్టి వెండ్రిష్ ఆఫీసుకు ఎర్ర జెండా బహుమానం వచ్చింది. ఆయన వీధిలో మామయ్యకు టోపీ తీసి నమస్కరించసాగాడు.

"అమ్ముడుపోయాడు" అంది అమ్మ. "చూస్తూ ఉండు, రేపో మాపో సర్కారుకు కావలసినవాళ్ళకే దొరికే టెలిఫోను కూడా పెట్టిస్తారు."

నేనూ అదే అనుకున్నాను. కప్పు కారుతున్నా నోరు మూసుకున్న మనిషి ఇంటికి వెళ్ళడం నా ఆత్మగౌరవానికి తక్కువగా తోచింది. రెండేళ్ళూ ఆయన గడప తొక్కలేదు.

చదువు ముగిసి సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు బడి గేటు దగ్గర మామయ్య నిలబడి ఉన్నాడు. పక్కన బొగ్గు లాక్కెళ్ళే చిన్న బండి, దాని మీద గోనెపట్టా.

"స్టాంపు పడిందా?"

చూపించాను. స్టాంపును వేలితో తడిమి, బండి లాగడం మొదలుపెట్టాడు. ఏమీ అర్థంకాక వెంట నడిచాను. బండి ఆఫీసు ముందు ఆగింది. కిటికీలోంచి చూసిన వెండ్రిష్ మెట్లు దిగి పరిగెత్తుకొచ్చాడు.

"బాల్డూయిన్ గారూ! మన మాట..."

"మాట అమ్మాయి చదువు పూర్తయ్యేదాకే కదా. ఇందాకే పూర్తయింది." మామయ్య గోనెపట్టా తీశాడు. "ఇవిగో, నాలుగు వందల పన్నెండు అర్జీలు."

"రాయనని ఒప్పుకున్నారు!"

"పంపనని ఒప్పుకున్నాను. రాయకపోతే నేను బతకొద్దూ?"

వెండ్రిష్ మెట్ల మీద కూలబడ్డాడు. "నాలుగు వందల పన్నెండు జవాబులు... నాలుగు వారాల్లో..."

స్టాంపు పడ్డ సర్టిఫికెట్‌ను వెనక్కి తీసుకునే ఫారం మా దేశంలో ఇంకా అచ్చు కాలేదు. అది ఇద్దరికీ తెలుసు.

సర్టిఫికెట్ పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను. "మామయ్యా, ఇదంతా నాకోసమా?"

"ఏడవకు, కాగితం తడుస్తుంది" అంటూ సర్టిఫికెట్ లాక్కుని మళ్ళీ చూశాడు. కళ్ళు మెరిశాయి. "ఇదేమిటే? నీ పేరు రికార్డా బదులు రికాడా అని కొట్టారు!"

అక్కడే మెట్టు మీద, వెండ్రిష్ పక్కనే కూర్చుని, ఆయన కలమే అడిగి తీసుకుని రాశాడు. "నాలుగు వందల పదమూడు" అన్నాడు. అలవాటుకొద్దీ "సాక్ష్యం" అని మొదలుపెట్టి, ఆగి నావైపు చూశాడు. నేను సర్టిఫికెట్ తీసుకుని వీపు వెనక దాచుకున్నాను.

మామయ్య ఆ మాట కొట్టేశాడు. ఆయన జీవితంలో సాక్ష్యం జతచేయని అర్జీ అదొక్కటే.