వీడియోలో వెనకున్న మనిషి

నరసన్నపేటలో ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉన్న జిమ్‌లో చేరేనాటికి నాకు నలభై రెండేళ్లు. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రోజంతా బోర్డు దగ్గర నిలబడి నడుము పట్టేస్తుంటే, కండలు గట్టిపడితే గాని తగ్గదన్నారు డాక్టరు. సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా అక్కడ ఆడవాళ్లకే. ఏడెనిమిది మందిమి వచ్చేవాళ్లం.

వాళ్లలో ఒకామెకు యాభై అయిదు దాటి ఉంటాయి. చీరలో వచ్చి, లోపలి గదిలో పంజాబీ డ్రెస్సు వేసుకుని, మూలనున్న మోకాళ్ల మిషను మీద కూర్చునేది. అందరం పిన్నీ అనేవాళ్లం. ఎక్కువ మాట్లాడేది కాదు. లేచేముందు తను తెచ్చుకున్న పాత తువ్వాలుతో సీటు మీది చెమట తుడిచేది. తర్వాత బరువు మార్చే పిన్ను తీసి అన్నిటికన్నా తక్కువ బరువు దగ్గర పెట్టేది. ఒకసారి ఎందుకని అడిగాను.

"నా తరవాతొచ్చినోలు సూసుకోకండా తన్నీస్తే మోకాలు పట్టీదా?" అంది.

నేనేమో అప్పటిదాకా బరువు బిళ్లలు కడ్డీకే వదిలేసి ఇంటికెళ్లిపోయేదాన్ని. ఎవరో ఒకరు తీస్తారులే అనుకునేదాన్ని. ఆ మాటకి సిగ్గేసి మానుకున్నాను. మిషను మీద కూర్చుని ఫోను చూడటమూ మానేశాను. ఇక ఇక్కడ ఎలా మసలుకోవాలో నాకు తెలిసిపోయిందనుకున్నాను.

చేరిన ఎనిమిదో నెలలో, నలభై కిలోల కడ్డీని నేల మీంచి నడుము దాకా ఎత్తాను. మా ఆడవాళ్ల కోచ్ చేతికి ముందే నా ఫోనిచ్చి వీడియో తీయమన్నాను. మెట్లు దిగకముందే స్టేటస్‌లో పెట్టేశాను. మా హెడ్మాస్టరు దగ్గర నుంచి మా పెద్దమ్మ కోడలి దాకా అందరూ మెచ్చుకున్నారు. మా స్కూల్లో పనిచేసే ఒకామె "మా టీచరమ్మ" అని ముచ్చటపడి దాన్ని వాళ్ల ఊరి గ్రూపులోనూ పెట్టింది. ఆ రాత్రి నేనే ఎన్నిసార్లు చూసుకున్నానో.

మర్నాడు పిన్ని రాలేదు. తర్వాత మూడు రోజులూ రాలేదు. అయిదో రోజు కోచ్ నన్ను పక్కకి పిలిచింది.

"మేడమ్, మీ వీడియోలో పిన్ని కూడా పడిందంట. మీ స్కూలామెదీ, పిన్ని ఆడపడుసుదీ ఒకటే ఊరంట. ఆవిడ గ్రూపులో సూసి, ఇంటికొచ్చి పెద్ద గొడవెట్టీసిందంట."

"జిమ్ముకొస్తే గొడవేటి?"

"ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు మేడమ్. మీకు తెలీదా?"

తెలీదు. ఎనిమిది నెలలు రెండు గజాల దూరంలో చెమటోడ్చాను. ఆమె ఎన్ని కిలోలు తన్నుతుందో తెలుసు గాని ఇది తెలీదు. అక్కడే మెట్ల మీద కూర్చుని వీడియో మళ్లీ చూశాను. ఈసారి నన్ను కాదు, నా భుజం వెనక చూశాను. పిన్ని మిషను మీద కూర్చుని ఉంది. నేను కడ్డీ ఎత్తగానే నోరారా నవ్వి చప్పట్లు కొట్టింది. నా కోసమే. మొగుడు పోయి ఏడాది కాని మనిషి నవ్వుతూ చప్పట్లు కొడుతోందని ఊరంతా చూసింది.

వెంటనే తీసేశాను. స్కూలామెకి ఫోను చేస్తే పాపం ఏడుస్తూ తనూ తీసేసింది. అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్లిపోయిందో ఎవరికీ తెలియదు.

ఆదివారం పొద్దున్నే ఆమె ఇల్లు కనుక్కుని వెళ్లాను. బజారు వెనక చిన్న డాబా. పిన్ని కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది.

"తప్పు నాదే పిన్నీ. వెనకాతల ఎవులున్నారో సూడనే లేదు," అన్నాను.

"నువ్వు కావాలని సేసినావేటమ్మా? గాని ఒక్క మాట అడగలేకపోయినావా? అడిగుంటే పక్కకి జరిగుందును కదా!"

ఆమె తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నేను తల దించుకుని కూర్చున్నాను.

లోపలి గదిలోంచి ఆడపడుచు వచ్చింది. గొడవ పెట్టిన నాటి నుంచి ఆమె ఊరికి తిరిగి వెళ్లలేదట. "ఆ ఈడియో ఎట్టింది నువ్వేనా?" అని నిలదీసింది. నేనేనన్నాను. నేను బరువెత్తినందుకే పిన్ని నవ్విందనీ, అక్కడికి మోకాళ్ల కోసమే వస్తుందనీ చెప్పబోయాను.

"మోకాలు సంగతి నాకు తెలుసు. మా అన్నని మంచం మీంచి లేపీ దించీ, రెండేల్లు సేసిన సాకిరీకే అవి అరిగిపోనాయి. నాకు సెప్పీసి ఎల్లొచ్చు కదా! ఊర్లో పదిమంది సూపిస్తే సూడాలా నేను?" అంటూ గోడకి ఆనుకుని ఏడ్చేసింది.

"సెప్తే ఎల్లనిస్తావా?" అంది పిన్ని మెల్లగా.

పిన్ని లేచి ఆమె పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. అక్కడ ఇంక నా అవసరం లేదనిపించి లేచి వచ్చేశాను.

మర్నాడు కోచ్‌తో మాట్లాడాను. అడగకుండా ఎవరూ ఫోటోలు, వీడియోలు తీయకూడదని గోడకి కాగితం అంటించింది. ఎందుకని కొత్తవాళ్లు అడిగితే ఆమె చెప్పేది కాదు, నేనే చెప్పేదాన్ని. సగం మంది "ఇంత చిన్నదానికా!" అనేవారు.

సంవత్సరీకం అయిన పది రోజులకి పిన్ని మళ్లీ వచ్చింది. ఆడపడుచు ఏమందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మునుపటిలాగే మూలన కూర్చుని చేసుకుంటోంది. నాతో మాట్లాడుతుంది, ఎండ గురించీ, మోకాళ్ల గురించీ. కానీ లోపలి గదిలో బట్టలు మార్చుకుని బయటికి వచ్చేముందు గుమ్మంలో ఒక్క క్షణం ఆగుతుంది. ఎవరి ఫోను ఎటు తిరిగి ఉందో ఒకసారి చూసుకుని అప్పుడు అడుగు పెడుతుంది. ఆ ఆగడం ఆమెకి ఇదివరకు లేదు.