నలభై ఒకటో ఫోటో

1996 జనవరి 13, శనివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. క్రైస్ట్‌చర్చ్ ఊళ్లో, రిక్కార్టన్‌లో మేముండే ఫ్లాట్‌లో, దుప్పటి ముసుగు పెట్టుకుని ఆ చీకట్లో కెమెరాలోకి రీలు ఎక్కించాను. ఆ రోజుల్లో రీలుకు ముప్ఫై ఆరు ఫోటోలు, అంతే. వెలుతురులో ఎక్కిస్తే మొదటి బెత్తెడు ఫిల్ము వృథా అవుతుందనీ, చీకట్లో కొస మాత్రం తగిలిస్తే రెండు మూడు ఫోటోలు అదనంగా రాబట్టవచ్చనీ నా సిద్ధాంతం. (మా ఆయన "ముసుగులో ఏంటి, జపమా?" అన్నారు.) వృద్ధుల హోమ్‌లో మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే నర్సుని, నా చేతిలో తప్పు జరగదని నాకు గట్టి నమ్మకం.

తెనాలి నుంచి అమ్మ వచ్చి అప్పటికి ఒక రోజు. ఉండేది ఆరు వారాలు. ఆ ఆరు వారాలూ ఆవిడ్ని కూతురిలా కాక డ్రిల్లు మాస్టారులా చూసుకున్నాను. "కొంగు సర్దుకో. కళ్లు మూయకు. ఊపిరి బిగబట్టు." తీసిన ప్రతి ఫోటోకీ నోటుపుస్తకంలో నంబరు, రోజు, వేళ: "17. అమ్మ, ఏటి ఒడ్డున బాతులు, మధ్యాహ్నం 3.05." అమ్మ అడిగింది మాత్రం ఒక్కటే.

"నన్నొక్కదాన్నే ఒకటి తియ్యవే. రేపు నేను పోయాక గోడకు పెట్టాలంటే ఆ పాస్‌పోర్టు ఫోటో తప్ప ఇంకోటి లేదు. అందులో దొంగని పట్టుకున్న పోలీసులా ఉన్నాను."

"ముందు అందరితో కలిపి అవనీ అమ్మా. మిగిలితే తీస్తా."

"మిగిలితేనా! బాతులకేమో ముందే తీశావు."

ముప్ఫై ఆరు దాటింది. ముప్ఫై ఎనిమిది, నలభై కూడా దాటింది. రీలు జరిపే మీట ఇంకా తిరుగుతూనే ఉంటే నా తెలివికి నేనే మురిసిపోయాను. (ఫిల్ము కదులుతుంటే ఎడమవైపు గుండీ కూడా తిరగాలి. అది తిరగడం లేదని ఆరు వారాల్లో ఒక్కసారీ చూడలేదు.) ఫిబ్రవరి 23, శుక్రవారం, సాయంత్రం 4.15కి పెరట్లో తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో అమ్మను ఒక్కదాన్నే కూర్చోబెట్టాను. పక్కింటి పిల్లి వచ్చి ఒళ్లో ఎక్కింది. అమ్మ కళ్లజోడు తీసి, నోరారా నవ్వింది. నలభై ఒకటి. మర్నాడు విమానం ఎక్కింది.

ఫోటోలు కడిగే కొట్లో అమ్మాయి నా చేతిలో ఖాళీ ఫిల్ము పెట్టింది. నేను కౌంటరు మీద చెయ్యి చరిచి, నోటుపుస్తకం తెరిచి, నలభై ఒక్క పద్దులూ చదివి వినిపించాను. వెనక వరసలో నిలబడ్డవాళ్లు కూడా విన్నారు. ఆ పిల్ల ఫిల్మును దీపానికి ఎత్తి పట్టుకుంది. "చూడండి, అంచున కంపెనీవాళ్లు ముందే వేసిన నంబర్లు పడ్డాయి. మా కడగడంలో తప్పుంటే ఇవీ పడవు. మీ కెమెరాలో రీలు కదల్లేదు." జీవితమంతా నంబర్లను నమ్మినదాన్ని, ఆ ఒక్కరోజు నమ్మలేదు. ఇంకా అరిచాను. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని ఒక కొత్త రీలు ఊరికే ఇచ్చింది. తీసుకున్నాను కూడా. కారులో కూర్చున్నాకే, మొదటి రోజు దుప్పటి కింద ఆ కొస పట్టు జారిపోయి ఉంటుందని అర్థమైంది.

అమ్మకు ప్రతి ఆదివారం ఫోన్ చేసేదాన్ని. ఆ ఆదివారం అమ్మతో, "కొట్టువాళ్లు పాడు చేశారమ్మా" అన్నాను.

"పోనీలేవే. ఆ పిల్లనేమీ అనలేదు కదా? ఉద్యోగం పోతుందేమోనే పాపం. మళ్లీ వచ్చినప్పుడు తీద్దువులే."

అమ్మ మళ్లీ రాలేదు. 2000 ఏప్రిల్ ఆఖరి వారంలో పోయింది. గోడ మీదకి పాస్‌పోర్టు ఫోటోనే పెద్దది చేయించాం.

పోయిన నెలలో మనవరాలు నా పాత ఫోటోలు స్కాన్ చేస్తానని కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు కొంచెం కొంచెం వస్తుంది. ఆ ఖాళీ ఫిల్ము చూసి, "అమ్మమ్మా, దిస్ ఈజ్ బ్లాంక్. షాప్ వాళ్లు పాడు చేశారని మమ్మీ చెప్పింది, అదేనా?" అంది.

"కాదు. నేనే."

"నువ్వా! మా లంచ్‌బాక్స్‌లో చెంచాలు కూడా కౌంట్ చేసే నువ్వా?" విరగబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దుప్పటి కింద చెమటలు కక్కుతూ మూడు ఫోటోలు లాభం అనుకున్న ఆ మహాతల్లిని తలుచుకుని. తర్వాత దాన్ని కాసేపు బయటికి వెళ్లమని, నోటుపుస్తకంలో ఖాళీగా ఉన్న ఆఖరి పేజీ రాశాను.

ఫోటోలు, నలభై ఒకటి. వాటిలో అమ్మ నవ్వినది, ఒకటి. క్షమాపణ చెప్పకుండా వదిలేసిన కొట్టమ్మాయి, ఒకరు. అమ్మకు నిజం చెప్పడానికి దొరికిన ఆదివారాలు, అబద్ధమాడిన మొదటిది తీసేస్తే, రెండు వందల పదహారు.