పాదాల దాకా వచ్చిన వరద

మాది టెక్కలి. నా ఉద్యోగం వరద వెనకాల తిరగడం. నీళ్లు వచ్చినప్పుడు కాదు, పోయాక. ఒక బీమా కంపెనీ కోసం ఏ వీధికి ఎంత ముప్పుందో కొలిచి, మ్యాపు మీద ఎరుపు, పసుపు, పచ్చ రంగులు వేస్తాం. పచ్చలో ఉన్నవాళ్లకి బీమా తేలిగ్గా దొరుకుతుంది. ఎరుపులో పడ్డవాళ్లకి గగనమే.

ఒక ఏడాది పూండి దగ్గర, మేం గెడ్డ అనే వాగు ఒడ్డున ఉన్న ఊరు నా వంతుకి వచ్చింది. అది మా మేనత్త ఊరు. అత్తకి ఇంటి పెరట్లో జీడిపిక్కలు కొట్టే షెడ్డు ఉండేది. అంతకుముందు తుపానుకి గెడ్డ పొంగి గోడలు కూలాయి. బస్తాల్లో పిక్కలన్నీ నాని బూజు పట్టాయి. షెడ్డు మళ్లీ కడతాను గానీ, బీమా లేకుండా ఒక్క పిక్క కూడా కొననని అత్త పట్టుబట్టింది. ఆమె దగ్గర పిక్కలు కొట్టే ఆడవాళ్లు పనిలేక, ఎప్పుడు తెరుస్తావని ఆ గుమ్మం చుట్టూ తిరుగుతున్నారు.

సొంతవాళ్ల ఊరు కదా, నాకు నిజమే చెప్తారని మా పై అధికారి నమ్మాడు. నేనూ నమ్మాను. టేపు పట్టుకుని మొదటి ఇంటికి వెళ్లి, నీళ్లు ఎంతదాకా వచ్చాయని అడిగితే ఇంటాయన గడ్డం కింద చెయ్యి పెట్టి చూపించాడు. పక్కింటావిడ నెత్తి మీద పెట్టింది. చివరింటి తాత స్టూలెక్కి మరీ చూపించాడు. నాకు తిక్క రేగి, అన్ని నీళ్లొస్తే మీరంతా ఎలా బతికి బట్టకట్టారని అడిగేశాను. అప్పుడు అర్థమైంది సంగతి. మా వైపు తుపాను పోయాక ఎవరైనా కాగితాలు పట్టుకుని వస్తే నష్టపరిహారం రాసుకోవడానికే వస్తారు. నీళ్లు ఎంత లోతైతే సాయం అంత. పాపం, అలవాటు కొద్దీ వరదని లేపుతున్నారు.

సాయంత్రం బడి వరండాలో అందరినీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. ఇది పరిహారం కాదు, బీమా. నీళ్లు ఎంత ఎక్కువ చూపిస్తే మీ వీధి అంత ఎర్రబడుతుంది. అందరూ శ్రద్ధగా విని తలలూపారు. మర్నాడు వెళ్లేసరికి ఊళ్లో వరద తగ్గిపోయింది. గడ్డం దాకా వచ్చిన నీళ్లు చీలమండకి దిగిపోయాయి. స్టూలెక్కిన తాతైతే గెడ్డ అసలు ఊళ్లోకే రాలేదనీ, నిన్న తాను చెప్పింది వాన సంగతనీ అన్నాడు. నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. నాకు కావలసింది ఒక్క నిజమైన కొలత.

అత్తయినా చెప్తుందని వాళ్లింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చి, పాదాలు తడిశాయంతే అంది, నా మొహం చూడకుండా. సరేనని కాఫీ తాగి పెరట్లోకి నడిచాను. కొత్త షెడ్డు పని మొదలైంది. మేస్త్రి రాయి పేరుస్తున్నాడు. షెడ్డు నేల కింద కట్టే అరుగు అప్పటికే నా ఛాతీ దాకా లేచింది, ఇంకో వరస పెట్టడానికి రాళ్లు సిద్ధంగా ఉన్నాయి.

"పాదాలు తడిసే నీళ్లకి ఇంత అరుగెందుకత్తా?" అన్నాను.

అత్త మేస్త్రి వంక చూసింది. మేస్త్రి తాపీ పక్కన పెట్టి కొబ్బరిచెట్ల వంక చూశాడు. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. అత్త మాత్రం నవ్వలేక ఇసక కుప్ప మీద కూలబడింది.

"నీకైతే అబద్దం సెప్పీగల్ను గానీ, మేత్రికెలా సెప్తానే? మళ్లీ నానిపోయేవి నా పిక్కలే కదేటి," అంది.

అప్పుడు చెప్పింది, ఆ రోజు నీళ్లు గుండెల దాకా వచ్చాయని. ఆ తర్వాత నేను వరద ఊసే ఎత్తకుండా వీధంతా తిరిగాను. కొత్తిల్లు కడితే అరుగు ఎంత లేపుతారని మాత్రం అడిగాను. తాతతో సహా అందరి చేతులూ గుండెల దగ్గరే ఆగాయి. గోడల మీద మిగిలిన మరకలూ ఆ ఎత్తే చూపించాయి.

అలా ఆ వీధి మొత్తానికి ఎరుపు నేనే పూశాను. అత్త ఇల్లుతో సహా. ఆ పూట నాకు అన్నం సయించలేదు.  అయితే కంపెనీ నియమాల్లో ఒకటుంది. ఎరుపులో ఉన్నా, కట్టడం నేల వరద మట్టం కంటే ఎత్తులో ఉంటే దాన్ని విడిగా చూడాలి. వరద ఎత్తూ, అరుగు ఎత్తూ రెండూ కొలిచి, ఫొటోలు జతచేసి పంపాను. పాదాల మాటే రాసి ఉంటే, రేపు షెడ్డు మునిగిన రోజున కొలత అబద్ధమని తేలి అత్తకి పైసా వచ్చేది కాదు. కొన్నాళ్లకి బీమా మంజూరైంది. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

షెడ్డు తెరిచిన రోజు నేనూ వెళ్లాను. ఆడవాళ్లంతా కబుర్లాడుకుంటూ వచ్చి మెట్లెక్కుతున్నారు. వాళ్లలో పెద్దావిడ సగంలో ఆగి, మోకాళ్లు పట్టుకుని, ఇంతెత్తు కడితే ముసలిదాన్ని ఎలా ఎక్కనని అత్త మీద విసుక్కుంది.

అత్త కిందికి దిగి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నిన్నైతే సెయ్యట్టుకుని ఎక్కిత్తానే," అంది. "గెడ్డని ఎవులెక్కిత్తారు?"